బయన్న లేదన్న చోట

"ఎవరూ లేరు ఈడ," అంది పెట్టె.

అంకమ్మ ఆ పెట్టెకు రెండడుగుల దూరంలో ఎదురుగా నిలబడి ఉంది. నెత్తిన కొంగు, చేతిలో తాళాల గుత్తి, ముప్పై ఏళ్ల నిలువెత్తు మనిషి. ఇంత మనిషిని ఎదురుగా పెట్టుకుని ఎవరూ లేరంటే ఏమనాలి? ఆమె ఇంకోసారి మీట నొక్కింది. పెట్టె బుస్సున గాలి పీల్చుకుని, కాసేపు ఆలోచించుకుని, మళ్లీ అదే మాట చెప్పింది.

ఆత్మకూరు దాటి నల్లమల మొదలయ్యే చోట ఉన్న ఆ ప్రయోగశాలలో పొద్దున మొదటి పని ఇదే. గాలిపెట్టె ముందు ఒక మనిషి నిలబడాలి. పెట్టె వాసన పట్టి "మనిషుండాది" అనాలి. అన్నదంటే యంత్రం సరిగా ఉన్నట్టు, ఇక గోడమీది పటం వెలిగించుకోవచ్చు. రెండేళ్లుగా ఆ పని అంకమ్మదే. ప్రసూతి సెలవు అయిపోయి, నాలుగు నెలల పసిదాన్ని వెనక గదిలో ఉయ్యాలలో వేసుకుని మళ్లీ పనిలోకి వచ్చిన ఈ మూడు వారాల్లో మాత్రం పెట్టె ఒక్కరోజూ ఆమెను ఉందనలేదు.

ఇంజనీరు సాదిక్ జల్లెడలు రెండుసార్లు మార్చాడు. తాను నిలబడితే "మనిషుండాది" అంటుంది. తోటమాలి నిలబడ్డా అంటుంది. అంకమ్మ నిలబడితే లేదంటుంది. చివరికి అతను స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని, పెట్టెకు నీమీద అలకొచ్చిందక్కా, బతిమాలుకో అని నవ్వాడు. అంకమ్మ కూడా నవ్వింది గానీ ఆ మాట ముల్లులా లోపల దిగబడిపోయింది. ఎందుకంటే ఆ గొంతు ఆమె తండ్రిది.

మండ్లి బయన్న పోయి పద్నాలుగు నెలలయింది. నల్లబండ పెంట అనే చిన్న గూడెంలో పుట్టి, ఆ అడవిలోనే డెబ్బై ఏళ్లు తిరిగిన చెంచు మనిషి. పులి జాడ పట్టడంలో ఆయనకు సాటి ఎవరూ లేరని మూడు జిల్లాల అటవీ సిబ్బంది ఒప్పుకునేవారు. ఆయన జ్వరంతో మంచానపడ్డ వారంలోనే యంత్రాన్ని ఢిల్లీలో పెద్దల ముందు పెట్టారు. బయన్న కూతురని అంకమ్మను వేదిక మీద నిలబెట్టి శాలువా కప్పారు. ఆమె తిరిగొచ్చేసరికి తండ్రిని మట్టి చేసి మూడోరోజు. కడచూపు దక్కలేదు. అందుకే పెట్టె లేదు లేదంటుంటే, అవసరమైనప్పుడు నువ్వు లేవు కదమ్మీ, ఇప్పుడు నా లెక్కలోనూ లేవు అని నాయన అన్నట్టే వినిపించేది. అయినా రోజూ తొమ్మిది గంటలకు వెళ్లి నిలబడేది. తిట్టినా నాయన గొంతే కదా.

ఆ యంత్రం ఎలా పుట్టిందో చెప్పుకోవాలి. డాక్టర్ మృణాళిని జీవితమంతా గాలిని చదివిన మనిషి. ఏ జంతువు తిరిగినా దాని రోమం పొడి, చెమట, ఉచ్చవాసన గాలిలో మిగులుతాయనీ, వాటిని పట్టి ఏ జంతువో చెప్పొచ్చనీ ఆమె ఎప్పుడో తేల్చింది. అయితే గాలి ఒకచోట ఆగదు. పొద్దున కొండ మీద ఉన్న వాసన మధ్యాహ్నానికి వాగులో ఉంటుంది. జంతువు ఏదో తెలిసేది గానీ, ఎక్కడుందో తెలిసేది కాదు. పదేళ్లు అక్కడే ఆగిపోయింది. చివరికి ఒకరోజు అడవిలో బయన్నను చూసింది. ఆయన నిలబడ్డాడు, గాలి పీల్చాడు, ఆకు తిప్పి చూశాడు, "పెద్దది ఆ బోడి మాను కింద పండుకోనుండాది" అన్నాడు. ఆయన పులిని పులి అనడు, పెద్దది అంటాడు. దుర్భిణి పెట్టి చూస్తే పులి ఆ చెట్టుకిందే ఉంది.

ఆ తరువాత మూడేళ్లు బయన్న తల మీద సన్నటి తీగల టోపీ పెట్టుకుని అడవంతా నడిచాడు. వాసన తగిలిన క్షణం నుంచి మాట నోట్లోకి వచ్చేదాకా ఆయన తలలో జరిగేదంతా టోపీ రాసుకునేది. పక్కనే అంకమ్మ నోటు పుస్తకంలో ఉండాది, లేదు అని రాసుకునేది. ఎలా తెలుస్తుంది నాయనా అని అడిగితే, నాకేం తెలుసమ్మీ, తెలుస్తాది అంతే అనేవాడు. ఆ తెలియడమే యంత్రం నేర్చుకుంది. నేర్చుకుని, ఆయన ఎన్నడూ చూడని దేశాల గాలిని కూడా ఆయనలాగే చదివింది. ప్రపంచంలో తొమ్మిది కేంద్రాలలో బయన్న నిర్ణయం నడిచేది. గొంతు కూడా ఆయనదే ఉండనిద్దామని మృణాళినే అంది, గౌరవంగా ఉంటుందని.

గోడ నిండా ప్రపంచపటం. ఒక్కో వెలుగు ఒక్కో ప్రాణం. అంకమ్మ భూగోళమంతా ఆ గోడ మీదే నేర్చుకుంది. రష్యా తూర్పు కొసన మంచు అడవుల్లో పులులు, సుమత్రా దీవిలో పులులు, సుందరవనాల బురదలో ఉప్పునీటికి అలవాటుపడ్డ పులులు. సింహాలంటే ఆఫ్రికా గడ్డిమైదానాలు, మనవైపు గుజరాత్‌లో గిర్ ఒక్కటే. జాగ్వార్లు సముద్రం అవతల, అమెజాన్‌లోనూ దాని దిగువన పంతనాల్ చిత్తడిలోనూ. మంచుచిరుతలు లదాఖ్ నుంచి మంగోలియా దాకా కొండల కొసల్లో. ఇక చిరుత సంగతి సరేసరి, ఆఫ్రికా ఎండలోనూ ఉంటుంది, ముంబయి ఇళ్ల వెనకా ఉంటుంది. మొదటిసారి ఆ పటం వెలిగించినప్పుడు బయన్న చాలాసేపు చూసి, "శానా ఊర్లల్లో మనకు బంధువులుండారే అమ్మీ" అన్నాడు. ఆ మాట అంటూ ఆయన మురిసిపోయిన ముఖం అంకమ్మ మరిచిపోలేదు.

ఆ పటాన్ని నమ్మి దేశాలన్నీ ఒక ఒప్పందం చేసుకున్నాయి. వెలుగున్న నేలలో గునపం దించకూడదు. వంద రోజులపాటు వెలుగు లేని నేలను రోడ్డుకో, గనికో, ఆనకట్టకో వాడుకోవచ్చు. అప్పటిదాకా అడవి మొత్తం పోతుందేమోనని భయపడ్డ మృణాళిని, సంతకాలయిన రోజు ఆనందం పట్టలేక బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది.

ఏడాది తిరిగేసరికి వెలుగులు తగ్గడం మొదలైంది. ముసలివి పోతున్నాయి, కొత్తవి రావడం లేదు. వేటగాళ్లా, రోగమా అని అన్ని కేంద్రాల వాళ్లూ తలలు పట్టుకున్నారు. అప్పుడే లదాఖ్ నుంచి స్టాంజిన్ అనే అటవీ కాపలాదారు ఒక వీడియో పంపాడు. వంద రోజులు చీకటిగా ఉన్న లోయ అది. రోడ్డు కోసం కొండ పేల్చారు. రాళ్ల కింద ఒక ఆడ మంచుచిరుత, దాని పొట్టను అంటిపెట్టుకుని రెండు పిల్లలు. వీడియోలో అతను చేత్తో మంచు తుడుస్తూ పోయాడంతే. తరువాత పది రోజులకు పంతనాల్ నుంచి అలాంటిదే ఇంకో కబురు వచ్చింది, అక్కడ తగలబెట్టిన గడ్డిలో జాగ్వారు తల్లి. మృణాళిని పెట్టెలన్నీ విప్పించింది. ఒక్కదానిలోనూ లోపం లేదు. ఆమె అన్నం తినడం మానేసింది.

ఆ ఆదివారం అంకమ్మ ఇంటి దగ్గరే ఉంది. పసిదానికి టీకా వేయడానికి నర్సు మేరీ సులోచన పెంటకు వచ్చింది. ఇరవై ఏళ్లుగా ఆ పెంటలన్నీ కాలినడకన తిరిగే మనిషి, నోటికి అదుపు తక్కువ. సూది గుచ్చి, దూది అద్ది, పిల్ల ఏడుపు మానేదాకా కబుర్లు చెప్పింది. ఈసారి మొదటి రాకలోనే దొరికావు, నీ పెద్దపిల్లప్పుడు ఆరుసార్లు తిప్పాడు మీ నాయన అంది.

"గడప మీద కూర్చోనేటోడు మహానుభావుడు. లోపల నువ్వు దగ్గేది నాకు వినపడతానే ఉంటది. నా మొహం చూసి, ఎవరూ లేరు ఈడ, అనేటోడు."

అంకమ్మ చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది.

నల్లబండ పెంటలో అదొక మర్యాద. పాలిచ్చే తల్లి ఫలానాచోట ఉందని బయటివాళ్లకు చెప్పరు. బిడ్డ అన్నం ముట్టేదాకా ఆమె ఎవరి లెక్కలోనూ లేనట్టే. అడిగితే లేదనాలి. అది అబద్ధం కాదు, కాపలా. పెద్దదానికీ అదే మర్యాద. పిల్లలు మాంసం ముట్టేదాకా తల్లి ఎక్కడుందో నోట రాకూడదు, మనసులో కూడా అనుకోకూడదు. బయన్నకు అది ఎవరో నేర్పింది కాదు, తల్లి పాలతో వచ్చింది. పాల వాసన తగిలితే చాలు, ఆయన తల దానంతట అదే తలుపు మూసేసుకునేది. టోపీ దాన్ని కూడా రాసుకుంది. యంత్రం దాన్ని కూడా నేర్చుకుంది.

నాయన అలగలేదు. ఆ సంగతి తెలిసి అంకమ్మకు ముందు ఏడుపు, ఆ వెంటనే చెప్పలేనంత సంతోషం వచ్చాయి. మూడు వారాలుగా ఆయన రోజూ ఆ గడప మీద కూర్చుని తనను దాస్తున్నాడు. ఆ తరువాత లదాఖ్ వీడియో గుర్తొచ్చింది.

సోమవారం ఆమె సాదిక్ జేబురుమాలు పెట్టె ముందు పెట్టి, మీట నొక్కి దూరంగా జరిగి చూసింది. "మనిషుండాది." పసిదాని పక్కగుడ్డ పెట్టింది. "ఎవరూ లేరు ఈడ." ఇక సందేహం లేదు. ప్రపంచంలో పిల్లలున్న ప్రతి తల్లినీ నాయన దాస్తున్నాడు, దాచిన చోటల్లా గనులవాళ్లూ రోడ్లవాళ్లూ పేలుడుమందు పెడుతున్నారు.

చెప్పాలి. అయితే చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. యంత్రంలోంచి నాయనను తీసేస్తారు. మంగళవారం చెబుదామనుకుంది, చెప్పలేదు. బుధవారం మృణాళిని ఎదురుగా కూర్చుని మజ్జిగ తాగి లేచొచ్చింది. ఒకసారి పోగొట్టుకున్న తండ్రిని మళ్లీ తన చేత్తో పోగొట్టుకోవడానికి చేతులు రావడం లేదు. గురువారం కొత్త జాబితా వచ్చింది. వంద రోజుల చీకటి నిండిన నేలల్లో ఎర్రగట్టు పేరు ఉంది. నల్లబండ పెంటకు ఆరు మైళ్లు. కంకర కోసం తీసుకున్నారు, సోమవారం నుంచి పేలుళ్లు.

శుక్రవారం సెలవు పెట్టి, పసిదాన్ని వీపున కట్టుకుని ఎర్రగట్టుకు నడిచింది. గట్టు కింద చెలమ పక్కన తడి ఇసుకలో అడుగులున్నాయి. ఆడపులి అడుగులు, వాటి వెనకే రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్దవి, రెండు జతలు. ఒక జత తిన్నగా నడిచింది. ఇంకోటి ఆడుకుంటూ అటూ ఇటూ పోయింది. ఆమె వాటిని చాలాసేపు చూసింది. వీపున పిల్ల కదిలింది. పేలుళ్లు సోమవారం కదా, రేపు శనివారం పొద్దున ఒక్కసారి, ఇంకొక్కసారి నాయన గొంతు విని అప్పుడు చెబుతాను అనుకుంది. తప్పంటే ఆ ఒక్క పూటే తప్పు.

శనివారం తొమ్మిదికి పెట్టె ముందు నిలబడి మీట నొక్కింది.

"ఎవరూ లేరు ఈడ."

ఆ మాట ముగిసిందో లేదో, తూర్పు దిక్కున ఎక్కడో దూరంగా ధడేలుమంది. కిటికీ అద్దాలు సన్నగా వణికాయి. కాంట్రాక్టరు తొందరపడి రెండు రోజులు ముందే మొదలుపెట్టాడు. రెండో పేలుడు వినపడేలోపే అంకమ్మ మృణాళిని గదిలో ఉంది.

ఆమె చెప్పినదంతా మృణాళిని నిలబడే వింది. ముందు ఫోను తీసి, ఎర్రగట్టు పనులు ఆపించమని అధికారిని దాదాపు కాళ్లు పట్టుకున్నంతగా వేడుకుంది. పనులు ఆగాయి. అప్పుడు కుర్చీలో కూలబడింది.

"మూడేళ్లు ఆయన వెంట తిరిగాను అంకమ్మా. లేదన్నప్పుడల్లా ఎందుకు లేదని ఒక్కసారీ అడగలేదు."

"అడిగినా చెప్పేవాడు కాదు మేడం. నేను రాసుకున్నా కదా పక్కనుండి. నాకూ తట్టలేదు."

ఆ లేదనడాన్ని ఒక్కదాన్నే తీసేయలేమా అని అంకమ్మ అడిగింది. మృణాళిని తల అడ్డంగా ఊపింది. ఏ జంతువునైనా ఆయన గుర్తుపట్టే తీరంతా దానితోనే అల్లుకుని ఉందట. తీస్తే బయన్న మొత్తం పోవాలి. ఆయన స్థానంలో మిగతా దేశాల జాడగాళ్ల దగ్గర ఇదివరకే నేర్చి పక్కనుంచినది పెట్టాలి. అది కొంచెం మొద్దుగా ఉంటుంది, అయినా తల్లులను దాచదు. తొమ్మిది కేంద్రాలూ ఒకదాని నుంచి ఒకటి నేర్చుకుంటాయి కాబట్టి ఒక్కచోట మిగిలినా మళ్లీ అన్నిటికీ పాకుతుంది.

అన్ని సంగతులూ చెప్పాక మృణాళిని గొంతు తగ్గించి, ఒక ప్రతిని దేనికీ కలపకుండా బీరువాలో పెడదాం, నీకోసం, ఎవరికీ చెప్పను అంది. అంకమ్మ ఒప్పుకోలేదు.

"వద్దు మేడం. తెలిసుండి నేనే ఐదు రోజులు దాచినా. బీరువాలో ఉంటే ఇంకెవరో ఎప్పుడో తీస్తారు, దాన్ని ఏదో అడుగుతారు. నాయన మళ్లా లేదంటాడు."

ఆయన మాటలు రికార్డు చేసినవి ఫోనులో ఉన్నాయి, అవి ఎటూ పోవు. అయితే అవి అన్నమాటే అంటాయి. తాను బిడ్డతల్లినని పసిగట్టి అడ్డం కూర్చునే నాయన వాటిలో ఉండడు.

తొమ్మిది కేంద్రాలతో మాట్లాడి సాయంత్రం నాలుగు గంటలకు ముహూర్తం పెట్టుకున్నారు. మూడున్నరకు అంకమ్మ పసిదాన్ని ఎత్తుకుని పెట్టె దగ్గరికి వెళ్లింది. ఇది నాయన పోయాక కడుపున పడ్డ పిల్ల. ఆయన చూడలేదు. కుంకుడురసంతో తలంటి, కాటుక పెట్టి తెచ్చింది. పిల్లను పెట్టె నోటి దగ్గరగా పట్టుకుంది.

"చిన్నది నాయనా. నీ ముక్కే వచ్చింది."

పెట్టె గాలి పీల్చింది. ఎప్పటికన్నా ఎక్కువసేపు తీసుకున్నట్టు ఆమెకు అనిపించింది.

"ఎవరూ లేరు ఈడ."

"సరే నాయనా," అంది అంకమ్మ. పెట్టె మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంచింది. నాలుగు గంటలకు యంత్రాన్ని మార్చే మీట సాదిక్ నొక్కుతానన్నాడు. వద్దని ఆమే నొక్కింది.

పటం ఆరిపోయి, కొన్ని నిమిషాలకు మళ్లీ వెలిగింది. ముందు పాత వెలుగులు వచ్చాయి. తరువాత ఎన్నడూ లేనివి ఒక్కొక్కటే మొదలయ్యాయి. మంచు అడవుల్లో, మడ అడవుల్లో, గడ్డిమైదానాల్లో, చిత్తడిలో, కొండకొసల్లో, ఒక్కో పెద్ద వెలుగు పక్కనే రెండు, మూడు చిన్న చుక్కలు. నాలుగు వందల పైచిలుకు తల్లులు. మృణాళిని లేచి గోడకు దగ్గరగా వెళ్లి చేత్తో తాకుతూ నడిచింది. అందులో అరవై వెలుగులు అప్పటికే రాసిచ్చేసిన నేలల్లో ఉన్నాయి. వాటికోసం ఆ సాయంత్రమే ఫోన్లు మొదలయ్యాయి. లదాఖ్‌లో స్టాంజిన్ కాపలా కాసే లోయ మాత్రం చీకటిగానే ఉంది.

ఎర్రగట్టు మీద కూడా ఒక వెలుగు వచ్చింది. బతికే ఉంది అంకమ్మా, చూడు, తల్లీ పిల్లా అని మృణాళిని ఆమె భుజం పట్టుకుంది. అంకమ్మ చూసింది. పెద్ద వెలుగు, పక్కన ఒక్క చుక్క. ఇంకో చుక్క వస్తుందేమోనని చూసింది. దీపాలు పెట్టే వేళ దాకా అక్కడే నిలబడి చూసింది.

"రెండు," అంది చివరికి.

మృణాళినికి అర్థం కాలేదు. ఏం రెండు అని అడిగింది.

"పిల్లలు రెండు మేడం. శుక్రవారం పూట రెండుండె. నేను చూసినా."

మృణాళిని ఆమె పక్కన నేలమీదే కూర్చుంది.

సోమవారం పొద్దున తొమ్మిదికి అంకమ్మ తాళం తీసింది. పసిదాన్ని వెనక గదిలో ఉయ్యాలలో వేసి, పెట్టె ముందుకొచ్చి నిలబడి, మీట నొక్కింది. పెట్టె గాలి పీల్చుకుంది. ఈసారి ఆలోచించుకోలేదు. ఎవరిదో తెలియని ఆడగొంతు, వార్తలు చదివినంత స్పష్టంగా పలికింది.

"ఒక మనిషి ఉన్నారు. పాలిచ్చే తల్లి. శిశువు వెనక గదిలో, పదకొండు అడుగుల దూరంలో ఉంది."

ప్రపంచంలో ఎవరు అడిగినా ఇక అంతే స్పష్టంగా చెబుతుంది. ఎర్రగట్టు మీది తల్లి గురించి కూడా. అంకమ్మ కొంగు నిండుగా కప్పుకుని వెనక గదికి వెళ్లింది. పిల్ల నిద్రపోతోంది. తలుపు దగ్గరగా వేసి, ఆ గడప మీద కూర్చుంది.

సాదిక్ ఈలవేసుకుంటూ వచ్చాడు. పెట్టె బాగైందని పలక మీద చదివి సంబరపడ్డాడు. పాప లోపలుందా అక్కా, ఒకసారి చూస్తానన్నాడు.

అంకమ్మ అతని ముఖంలోకి చూసింది.

"ఎవరూ లేరు ఈడ," అంది.